నాలుగు కాగితాల్లో ఇల్లు

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున పుష్పమ్మ వంటింట్లో చాయ్ వడపోస్తుంటే ముందు గదిలో దబ్బుమని చప్పుడైంది. గిన్నె అక్కడే వదిలేసి పోయి చూస్తే, మిద్దె నుంచి తట్టంత సున్నపు పెచ్చు ఊడి పరుపు మీద పడి ఉంది. పావుగంట కింద ఆ పరుపు మీదే ఆమె కొడుకు అంజన్, కోడలు సోనీ పడుకొని ఉన్నారు. సోనీ తల మీద తువ్వాలు చుట్టుకొని స్నానాల గదిలోంచి వచ్చి, ఆ పెచ్చును, పైన బయటపడ్డ ఎర్ర ఇటుకల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అంజన్ అన్నాడు.

"ఇగ ఆగేది లేదమ్మా. ఈ యేడు పని చేయించుడే."

హుస్సేనీ ఆలంలో ఆ గల్లీ వాళ్లు ఆ ఇంటిని ఇప్పటికీ 'దూద్‌వాలోంకా ఘర్', పాలవాళ్ల ఇల్లు అనే అంటారు. ముందు రెండు గదులు, ఒక వంటిల్లు. వెనక రేకుల కింద పొడుగ్గా బర్రెల కొట్టం. ఒకప్పుడు అందులో తొమ్మిది బర్రెలుండేవి. గడ్డి ధర పెరిగి, ఇంటింటికీ ప్యాకెట్ పాలొచ్చి, పుష్పమ్మ పెనిమిటి పురుషోత్తం నడుం పట్టేశాక ఒక్కొక్కదాన్నే అమ్ముకుంటూ వచ్చారు. పురుషోత్తం పోయి ఆరేళ్లు. కొట్టంలో ఇప్పుడు పాత మంచాలు, అంజన్ స్కూటరు, పెళ్లిళ్లకు వాడే పెద్ద గుండిగలు ఉంటున్నాయి. అంజన్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. సోనీ ఒక మందుల కంపెనీలో సామాను కొనే సెక్షన్‌లో పనిచేస్తుంది. వాళ్ల పదేళ్ల బిడ్డ నాయనమ్మతో లోపలి గదిలో పడుకుంటుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ పన్నెండేళ్లుగా వచ్చేపోయేవాళ్ల నడుమ, ఆ ముందు గదిలోనే పక్క వేసుకుంటున్నారు.

మిద్దె బాగు చేయించాలి. కొట్టం తీసేసి అక్కడొక గది, బాత్రూమ్ కట్టాలి. అనుకున్నది అంతే. రెండు వారాల్లో ముగ్గురు వచ్చి ఇల్లు చూసి పోయారు.

మొదట వచ్చింది ఆనందరావు. అఫ్జల్‌గంజ్‌లో ఆఫీసున్న కాంట్రాక్టరు, పెద్దమనిషి. చేతులు వెనక్కి కట్టుకొని ఇల్లంతా తిరిగి, "అడుగుకు పందొమ్మిది వందలు పడ్తదమ్మా, సామానుతో కలిపి" అని చెప్పి చాయ్ తాగి వెళ్లాడు. రెండోవాడు మహేష్. చేతిలో పలకంత ఫోను, దాంట్లో రంగురంగుల బొమ్మలు. "మొత్తం పదకొండు లక్షలు ఆంటీ. మీరేం పట్టించుకోవద్దు, తాళంచెవి చేతిలో పెడతా" అన్నాడు. మూడోవాడు బహదూర్‌పురా మున్నా మేస్త్రీ. ఆయన గోడల్ని వేళ్లతో కొట్టి చూసి, "లేబర్ నాది, సామాను మీది. మూడు లక్షల ఎనభై వేలియ్యండి. ఫికర్ నక్కో అమ్మా, నేను చూసుకుంట" అన్నాడు.

"మున్నాకే ఇద్దాం," అన్నది పుష్పమ్మ ఆ సాయంత్రం. "పదకొండు లక్షలెక్కడ, మూడు లక్షల ఎనభై వేలెక్కడ!"

సోనీ నవ్వింది. "అత్తమ్మా, మున్నా భాయ్ చెప్పింది ఒట్టి కూలి. సిమెంటు, ఇసుక, ఇనుము, టైల్సు అన్నీ మనమే కొనాలె. ఆనందరావు సారు సామాను కలిపిండు గని మిద్దె బాగుచేసుడు కలిపిండో లేదో చెప్పలే. మహేష్ అన్నీ కలిపిన అన్నడు. ఆ అన్నీ అంటే ఏందో ఎక్కడ రాయలే."

పుష్పమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "అంటే ఒకడు బర్రె ధర చెప్పిండు, ఒకడు పాల ధర చెప్పిండు, ఒకడు పిండిన కూలి చెప్పిండు."

"గదే!" సోనీ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "మా ఆఫీసుల గిట్లొచ్చిన కాగితాల్ని పక్కపక్కన పెట్టనే పెట్టం. మనకేం కావాల్నో ముందు మనమే రాసియ్యాలె. ముగ్గురికీ ఒక్కటే లిస్టు. దాని ఎదురుంగ వాళ్లు ధర రాయాలె. గప్పుడు తెలుస్తది ఎవరిది ఎంతో."

పుష్పమ్మకు పురుషోత్తం గుర్తొచ్చాడు. బర్రెను కొనేముందు ఆయన అంగట్లో వెంటనే బేరం తెగ్గొట్టేవాడు కాదు. అమ్మేవాళ్లు ఒకపూట పాలు పిండకుండా ఆపి, నిండు పొదుగుతో నిలబెట్టి, కడివెడు పాలిస్తదని ఒట్టేసి చెప్పేవాళ్లు. ఈయన రెండు మూడింటిని ఎంచుకొని, ఇంటి నుంచి దాణా మూట మోసుకుపోయి, అన్నిటికీ అదే దాణా పెట్టి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి తన చెంబులోకే పిండి చూసేవాడు. దీనికోసం రెండ్రోజులు అంగట్లోనే ఉండేవాడు. తిండి తిప్పలు లేకుండా తిరిగొస్తే తను కోప్పడేది. ఆయన కాళ్లు కడుక్కుంటూ, "ఒక్క తీరుగ చూడకుంటే ఏది మంచిదో ఎట్ల తెలుస్తదే?" అనేవాడు. ఆ మాట ఇన్నేళ్లకు కోడలి నోట విన్నట్టయింది. ఆయన ఉంటే ఈ పిల్లను మస్తు మెచ్చుకునేవాడని అనుకుంది.

మరుసటి ఆదివారం లిస్టు రాయడానికి కూర్చున్నారు. కూర్చున్నారనడమే గానీ, సోనీ చేతిలో నోటుబుక్కు, టేపు పట్టుకొని ముందు నడిస్తే పుష్పమ్మ వెనక నడిచింది. అంజన్ టేపు అవతలి కొస పట్టుకునే పనికి దొరికాడు.

ముందు గదితో మొదలుపెట్టారు. "మిద్దె పెచ్చులు కొట్టేసుడు, కొత్త ప్లాస్టరు," అని రాసుకుంది సోనీ.

"గా మూలకు కొక్కెమున్నది చూడు. దాన్ని తియ్యొద్దని రాయి," అన్నది పుష్పమ్మ. "అంజన్‌గాని ఊయల గట్టిందాడ."

"కొక్కెం తియ్యకుండ ప్లాస్టరు చెయ్యాలె," అని సోనీ రాసింది.

"గవన్నీ కూడా రాస్తరా?" అన్నాడు అంజన్.

"రాయకపోతె మేస్త్రీకి ఎట్ల తెలుస్తది? ఉంచాల్సింది కూడా పనే," అన్నది సోనీ.

వంటింట్లో పొగచూరిన గోడ దగ్గర పుష్పమ్మ చాలాసేపు నిలబడింది. ఆ గోడ కింద మట్టిపొయ్యి మీద రోజంతా పెద్ద గుండిగలో పాలు కాగేవి. పండగలప్పుడు కోవా కోసం పొద్దున్నుంచి గరిటె తిప్పుతుంటే భుజం పడిపోయేది. రంజాన్ నెలంతా గల్లీలో సగం ఇళ్లకు పాలు, పెరుగు ఇక్కణ్నుంచే. ఈద్ నాడు షీర్ ఖుర్మా పాయసం గిన్నెలు ఇన్ని తిరిగొచ్చేవంటే పెట్టడానికి చోటుండేది కాదు. పురుషోత్తం అన్నింట్లోంచీ ఒక్కో చెంచా తిని, ఎవరింటి గిన్నెలో మన పాలు నీళ్లు కలపకుండా వాడారో చెప్పేవాడు. పక్కింటి లలితమ్మ గోడ మీది నుంచి తల పెట్టి, "నీళ్లు నువ్వే కలిపితివేమో అన్నా!" అని ఏడిపించేది. ఇవన్నీ పుష్పమ్మ చెబుతుంటే సోనీ రాయడం ఆపి వింటూ నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇంతకీ గోడకు టైల్స్ పెట్టాల్నా, రంగేద్దామా?"

"టైల్సే పెట్టు. నేను తోమలేను."

అలా మధ్యాహ్నానికి నలభై ఒక్క పనులు తేలాయి. వైరింగు ఎన్ని పాయింట్లు, బాత్రూమ్ ఎన్ని అడుగులు, తలుపు ఏ కర్ర, రేకులు తీసినాక ఎవరికి చెందుతాయి, మట్టి ఎవరు ఎత్తిపోయాలి, అన్నీ వచ్చాయి. కొట్టంలోకి వచ్చేసరికి మాత్రం పుష్పమ్మ మాట తగ్గింది. బర్రెల్ని కట్టిన ఇనుప కడియాల్ని చూపించి, ఏది ఎక్కడ నిలబడేదో పేర్లతో చెప్పింది గానీ, చివర మూలన రాతి తొట్టి దగ్గరికొచ్చాక, "గా తొట్టి తీసేసి నేల చదును చెయ్యాలని రాయి. అంతే," అని వెనక్కి తిరిగింది.

ఆ తొట్టి కింద బావి ఉంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు.

మరిచిపోయి కాదు. చెబితే అది కూడా ఒక అంకె పక్కన ఎక్కుతుంది, 'బావి పూడ్చుట' అని. ఆ రెండు మాటలు కోడలి గుండ్రటి అక్షరాల్లో చదవాల్సి వస్తుందనే ఆమె నోరు కట్టేసుకుంది.

సోనీ లిస్టును ఆఫీసులో టైపు చేయించి మూడు కాపీలు తెచ్చింది. నాలుగేసి కాగితాలు. ఒక్కో పని ఎదురుగా ధర రాయడానికి గీతలు. చివర పని ఎన్ని రోజుల్లో అవుతుంది, డబ్బు ఏ దశలో ఎంత ఇవ్వాలి, ఇంతకుముందు కట్టిన రెండిళ్ల అడ్రసులు. ముగ్గురికీ ఒకటే రోజు ఇచ్చి, పది రోజుల గడువు పెట్టింది.

మహేష్ తొందరగానే ఫోన్ చేశాడు. "ఆంటీ, మీ లిస్టులో పధ్నాలుగు పనులు నా ప్యాకేజీలో రావు. అవి వేరే," అన్నాడు. పదకొండు కాస్తా పదమూడు దాటింది. ఆనందరావు అన్నింటికీ పొందిగ్గా ధరలు రాసి పంపాడు. మున్నా మేస్త్రీ మాత్రం కాగితాలు మడిచి చంకలో పెట్టుకొని తొమ్మిదోనాడు మళ్లీ ఇంటికే వచ్చాడు.

"అమ్మా, తెలుగు చదువుడు నాకు జర తక్కువ. మీరు ఒక్కొక్కటి చదువుతుంటే చూసి రేటు చెప్త," అన్నాడు.

అంజన్ డిపోలో ఉన్నాడు. సోనీకి ఆ రోజు సెలవు. పుష్పమ్మ కళ్లద్దాలు పెట్టుకొని చదువుతుంటే ఆయన వెంట తిరిగాడు. కొలత సోనీ రాసిందే అయినా మళ్లీ టేపు పెట్టి చూశాడు. కొట్టం చివరికొచ్చాక చేతిలోని ఇనుప కడ్డీతో బండల మీద కొట్టుకుంటూ పోయి తొట్టి పక్కన ఆగాడు. మళ్లీ కొట్టాడు. చప్పుడు మారింది.

"అమ్మా, దీని కింద ఖాళీ ఉన్నది. బౌలీయా?"

పుష్పమ్మ కాగితం మీది నుంచి తలెత్తలేదు. సోనీ ఆమె ముఖంలోకి చూసింది.

"అత్తమ్మా?"

"ఉన్నది," అన్నది పుష్పమ్మ. "బావి ఉన్నది. మీ మామ మూసిండు. నేనే చెప్పలే."

మున్నా మేస్త్రీ కడ్డీ గోడకు ఆనించి, కాస్త దూరంగా పోయి బీడీ ముట్టించుకున్నాడు. సోనీ కోప్పడుతుందని పుష్పమ్మ ఎదురుచూసింది. సోనీ నోటుబుక్కు మూసి తొట్టి అంచున కూర్చుంది.

"లోతెంత?"

"నలభై అడుగులు. నేను ఈ ఇంటికొచ్చినప్పుడు పదిహేడేండ్లు నాకు. దినాం నలభై బొక్కెనలు చేదాలె. బర్రెలకు తాగ, కడగ, మనుషులకు. అరచేతులు బొబ్బలెక్కినయి. మా అత్త లేవకముందే మీ మామ లేచి సగం తొట్టి నింపి, ఏమెరగనట్టు పోయి మళ్ల పండుకునేటోడు. నెలకు గని నాకు తెల్వలే, తొట్టి ఎవరు నింపుతున్నరో." పుష్పమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఒక యేడు నల్లాలు బంద్ అయినయి. గల్లీ గల్లీ మొత్తం ఈడికే వచ్చింది. బురఖా ఏసుకున్నోళ్లు, ఏసుకోనోళ్లు, అందరూ కొట్టంల లైను గట్టిన్రు. బర్రెలు బెదురుతయని మీ మామ ఒక్కొక్కదాని దగ్గర నిలబడి గంగడోలు నిమిరిండు. తర్వాత చుట్టూ బోర్లు పడ్డయి. నీళ్లు అడుగంటినయి, వాసనొచ్చింది. నన్ను మా తల్లిగారింటికి తోలి, నేనొచ్చేసరికి బండలేసి మీదికి తొట్టి జరిపిండు. ఎందుకు మూసినవని నేనడగలే, ఆయన చెప్పలే."

సోనీ ఆమె చెయ్యి పట్టుకుంది. "అది సరే గని అత్తమ్మా, దీని మీద గోడ లేపి స్లాబు పోసినంక కుంగితే ఎట్ల? పండేది నేనూ నీ కొడుకే గదా."

అంతదాకా పుష్పమ్మకు ఆ ఆలోచనే రాలేదు. పెచ్చు పడ్డ పరుపు కళ్లముందు కదిలింది. "తప్పయింది బిడ్డా," అన్నది.

సాయంత్రం అంజన్ విని లొల్లి చేశాడు. "రెండు వారాలు దండుగ! రేట్లన్నీ మళ్ల మారుతయి గదా!"

"ఇప్పుడే తెలిసింది, మంచిదయింది," అన్నది సోనీ. "ఇంకొక కాగితం రాద్దాం. ముగ్గురికీ పంపుదాం."

"కనిపెట్టింది మున్నా గదా. ఆయనకే ఇచ్చేద్దాం," అన్నది పుష్పమ్మ.

"కనిపెట్టినందుకు నేనూ మెచ్చుకున్న. గట్లని మిగిలినోళ్లకు చెప్పకుంటే లెక్క సమానం కాదు. నువ్వు చెప్పలేదు గని వాళ్ల తప్పేమున్నది?"

పుష్పమ్మ లేచి పోయి నోటుబుక్కు తెచ్చి కోడలి చేతికిచ్చింది.

శనివారం మున్నా మనుషుల్ని తెచ్చి, వెలుతురు కోసం పైన రెండు రేకులు విప్పించి, తొట్టి జరిపించి, రెండు బండలు లేపించాడు. సంగతి తెలిసి పక్కింటి లలితమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. అందరూ వంగి చూశారు. లోపలి నుంచి చల్లటి, తడిమట్టి వాసన తగిలింది. పదిహేను అడుగుల కింద, ఇన్నేళ్లలో మళ్లీ ఊరిన నల్లటి నీళ్లు, దాంట్లో చదరంగా ఒక ఆకాశం ముక్క, చుట్టూ వీళ్ల తలకాయలు. మున్నా గులకరాయి వేశాడు. తలకాయలన్నీ చెదిరి మళ్లీ కలిశాయి.

"నా ఇత్తడి బిందె ఇందుల్నే పడ్డది," అన్నది లలితమ్మ. "మా అత్త నన్ను మూడు దినాలు తిట్టింది. పురుషోత్తమన్న గాలం వేసి మస్తు ఎతికిండు, దొరకలే."

"దొరికింది," అన్నది పుష్పమ్మ. "సొట్టపోయి దొరికింది. నీకిస్తే మళ్ల తిట్లు తింటవని కొత్తది కొనిచ్చిండు. దొరికిన సంగతి నీకు చెప్పొద్దన్నడు."

లలితమ్మ నోరు తెరిచి ఆమె వైపు చూసింది. తర్వాత ఇద్దరూ బావి అంచున కూర్చొని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఇద్దరికీ ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపయిందో తెలియలేదు. మున్నా తన మనుషుల్ని చాయ్ తాగి రమ్మని బయటికి పంపాడు.

సోనీ కొత్త కాగితంలో రెండు తీర్లుగా ధర అడిగింది. ఒకటి, బావిని అడుగు నుంచి గట్టిగా పూడ్చి దాని మీద గది. రెండు, బావి చుట్టూ గోడ కట్టి, ఇనుప జాలీ మూత పెట్టి, వాన నీళ్లు దాంట్లోకి మళ్లించి, గదిని మూడడుగులు ఇవతలికి జరపడం. ముగ్గురూ రెండింటికీ రాశారు. సోనీ ఒక పెద్ద కాగితం మీద మూడు వరుసలు గీసి అన్నింటినీ పక్కపక్కన ఎక్కించింది. అప్పుడు చూస్తే, సామానుతో కలిపితే మున్నాది అందరికన్నా తక్కువేమీ కాదు. ఆనందరావుది ముప్పై వేలు తక్కువ. మహేష్‌ది అన్నింటికన్నా ఎక్కువ. పూడ్చడానికీ ఉంచడానికీ మధ్య తేడా మాత్రం ముగ్గురి దగ్గరా పదీ పదిహేను వేలకు మించలేదు.

"పూడ్చుండ్రి," అన్నది పుష్పమ్మ ఆ కాగితం చూసి.

"మనసుల మాటేనా?" అడిగింది సోనీ.

"పన్నెండేండ్లు దర్వాజ లేని గదిల పండుకున్నవు. నీ గదిల మూడడుగులు నేను గుంజుకోను. నేను చూసిన, చాలు."

అంజన్ తలూపాడు. సోనీ ఊపలేదు. "గది నాది. అది ఎంతుండాల్నో నేను చెప్త. ఏప్రిల్ల ట్యాంకరు కోసం లీవు పెట్టి గల్లీల నిలబడేది ఎవరు? నేను. ఇంటెనక నీళ్లు పెట్టుకొని మట్టి పోస్తమా? వాననీళ్లు దింపుదాం. తాగనీకి కాకున్నా బట్టలకు, బాత్రూముకు పనికొస్తయి. మూడడుగులు పోతె బీరువా ఈ దిక్కు పెడ్త."

బీరువా ఏ దిక్కు పెట్టాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలిద్దరూ వాదులాడుకుంటుంటే పుష్పమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కోడలు నీళ్ల కోసమే అన్నదో, తన కోసం అన్నదో ఆమెకు తేలలేదు. ఆ రోజుల్లో తొట్టి ఎవరు నింపుతున్నారో తెలిసినా తనూ పురుషోత్తాన్ని ఎందుకని ఏనాడూ అడగలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

పని ఎవరికివ్వాలన్నది తేలడానికి ఇంకో వారం పట్టింది. సోనీ, అంజన్ స్కూటరు మీద పోయి, ముగ్గురూ కట్టిన పాత ఇళ్లు చూసి వచ్చారు. మహేష్ ఇచ్చిన ఒక అడ్రసులో ఇల్లే లేదు, ఇంకా పునాదులున్నాయి. ఆనందరావు కట్టినవి బాగున్నాయి గానీ, ఒక ఇంటివాళ్లు పని నాలుగు నెలలు ఆలస్యమైందన్నారు. బహదూర్‌పురాలో మున్నా కట్టిన ఇంటావిడ వీళ్లను మిద్దె మీదికి తీసుకుపోయి, మూడు వానలకు చుక్క కారలేదని చూపించింది. ముప్పై వేలు ఎక్కువైనా మున్నాకే ఇద్దామని ముగ్గురూ ఒప్పుకున్నారు. సోనీ అన్నీ రాయించి సంతకం పెట్టించింది. పుష్పమ్మ తనే ఆనందరావుకు ఫోన్ చేసి, ధర మంచిగనే రాసినవు, పని వేరేవాళ్లకు ఇచ్చినమని చెప్పింది. ఇట్లా చెప్పినవాళ్లు తక్కువమ్మా అన్నాడాయన.

దసరా తర్వాత మొదలైన పని సంక్రాంతి దాటి, అనుకున్నదానికన్నా ఇరవై రోజులు ఎక్కువ తీసుకుంది. మధ్యలో ఇసుక దొరకలేదు, ఒకసారి టైల్స్ రంగు తప్పొచ్చింది. కొంచెం లొల్లి అయింది, మళ్లీ సర్దుకుంది. గది చిన్నదే. వెనక కిటికీ తీస్తే బావి గోడ కనిపిస్తుంది.

మార్చిలో లలితమ్మ వచ్చింది. వాళ్ల వంటిల్లు బాగుచేయించాలట, ఆ నాలుగు కాగితాలు ఒకసారి ఇవ్వమంది.

"మా కాగితాలు నీ ఇంటికెట్ల పనికొస్తయి? నీ ఇంటిది నువ్వే రాయాలె. పద, నేనొస్త," అన్నది పుష్పమ్మ.

మనవరాలి నోటుబుక్కొకటి, పెన్నొకటి తీసుకొని పక్కింటికి పోయింది. కళ్లద్దాలు సర్దుకొని లలితమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ దిక్కు నుంచి చెప్పు," అన్నది. లలితమ్మ గోడకున్న కర్ర అల్మారా చూపించి, దాన్ని వాళ్ల మామ ఏ సంవత్సరం ఎవరి దగ్గర కొన్నాడో మొదలుపెట్టింది. పుష్పమ్మ పీట లాక్కొని కూర్చుంది. మధ్యాహ్నం సోనీ వచ్చి పిలిచేసరికి నోటుబుక్కులో ఎక్కింది మూడే మూడు పనులు.